లివర్పూలు రేవుపట్టణము



నేను ముప్పదియేండ్లకు మించి బడిపిల్లలకు భూగోళము చెప్పినవాడను. పటముపై బెత్తపు కొన నుంచి, “లివర్పూలు ఇంగ్లండు పడమటితీరమున గల రేవు, ప్రత్తి అచ్చట దిగును” అని వల్లె వేయించి, మరియొక పట్టణమునకు సాగుచుండెడివాడను. విశ్రాంతి దొరకిన పిదప గ్రంథములు చదువగా, ఆ వాక్యము తప్పు కాకున్నను మిక్కిలి కొఱతపడినదని తెలిసినది. ఆ లోపమును నేడు మీ యెదుట కొంత తీర్చుకొందును.

లివర్పూలు మెర్సీనది సముద్రమున కలియుచోట తూర్పుగట్టున నున్నది. 1207లో జాను రాజు దానికి పట్టణపు హక్కుల నొసగెను. అచ్చట ఆటుపోటులు బలమైనవి. పెద్దపోటు దినములలో నీటిమట్టము సుమారు 30 అడుగులు లేచి పడును. పోటున తేలిన ఓడ ఆటున బురదలో కూలబడును. ఇట్లుండగా సరకు దింపుట యెట్లు? థామస్ స్టీర్స్ అను ఇంజనీరు ఇందులకు ఉపాయము కనిపెట్టెను. ఆయన గోడలు కట్టి, తలుపు లమర్చిన నీటికొలను 1715లో ఓడలకు తెరువబడినది. పోటు నిండినపుడు ఓడను లోనికి రానిచ్చి, నీరు తీయకమునుపే తలుపు మూయుదురు. వెలుపల నది యెంత దిగినను లోపల నీరు నిలిచియే యుండును. చెరువుతూము నెరిగిన మీకు ఈ యుక్తి సులభముగా బోధపడును. దీనికే డాకు అని పేరు. వర్తకపు టోడలకై ఇట్లు మూసి కట్టినవానిలో ప్రపంచమున నిదియే మొదటిదని చెప్పుదురు.

అటుపిమ్మట నదివెంబడి మైళ్లకొలది డాకులు వెలసినవి. వానిలో జెస్సీ హార్ట్లీ నిర్మించిన ఆల్బర్టు డాకు 1846లో ప్రారంభమైనది. గిడ్డంగులు తరచు అగ్నికి ఆహుతియగుట చూచి, ఆయన కట్టడపు బలమునకు కొయ్యను నమ్ముకొనక ఇనుము, ఇటుక, రాయి మాత్రమే వాడెను. ఓడనుండి సరకు తిన్నగా గిడ్డంగిలోనికే చేరును.

ఈ యైశ్వర్యమునకు మూల మేమి? చెప్పుటకు నోరు రాదు గాని చెప్పవలయును. పదునెనిమిదవ శతాబ్దమున ఇచ్చటి ఓడలు వస్తువులతో ఆఫ్రికాకు పోయి, అచ్చట మనుష్యులను కొని, సంకెళ్లతో అమెరికా ఖండమునకును దాని చెంతనున్న దీవులకును చేర్చి విక్రయించి, పంచదార, ప్రత్తి, పొగాకులతో మరలివచ్చుచుండెను. అట్లు కొనిపోబడినవారు పదిలక్షలకు మించినవారు. 1807లో చట్టము ఆ వ్యాపారమును నిషేధించినది. కాని బానిసలు పండించిన అమెరికా ప్రత్తి తరువాతను చిరకాలము ఈ రేవుననే దిగినది. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా ఆ ప్రత్తి రాక సన్నగిల్లి, మన దేశపు ప్రత్తి విశేషముగా లివర్పూలు చేరినది. నేను పిల్లలచే వల్లె వేయించిన ప్రత్తి వెనుక ఇంత కథ కలదు.

ఇక రాకపోకలు. 1830లో లివర్పూలునుండి మాంచెస్టరునకు సుమారు 31 మైళ్ల రైలుమార్గము తెరచిరి. ఆవిరియంత్రములు లాగు బండ్లతో రెండు మహానగరములను కలిపిన మొదటి మార్గ మిదియే. ప్రారంభదినముననే హస్కిసన్ అను పార్లమెంటు సభ్యుడు యంత్రము క్రిందపడి మరణించుట శోచనీయము. 1886లో నదిక్రింద సొరంగమున రైలు నడచినది. 1934లో మోటారుబండ్లకు వేరొక సొరంగ మేర్పడినది.

1893లో డాకుల ప్రక్కగా ఇనుపస్తంభములపై ఎత్తున నడచు విద్యుద్రైలు వెలసినది. అది సాగి సాగి సుమారు 7 మైళ్లయినది. వానలో దాని క్రింద నడచిపోవు కూలీలు దానిని “రేవుకూలీల గొడుగు” అనెడివారు. కాని దాని క్రిందనే తిరుగు పొగబండ్ల ఆవిరి ఇనుపరేకులను తుప్పు పట్టించినది. బాగు చేయుటకు ఇరువది లక్షల పౌనులు కావలసివచ్చెను. కంపెనీకి అంత శక్తి లేకపోయెను. 1956 డిసెంబరు 30వ తేదీన అది మూతపడగా, పిదప ఊడబీకి అమ్మివేసిరి.

నదియొడ్డున 1911లో కట్టిన రాయల్ లివర్ భవనము రెండు గోపురములపై రెండు మహాపక్షుల ప్రతిమలను మోయుచున్నది. నగరమున రెండు మహాదేవాలయములు ఒకే వీథికి రెండు కొసల నున్నవి. 1904లో శంకుస్థాపన జరిగిన ఆంగ్లికను ఆలయము 1978లో గాని పూర్తికాలేదు. దానిని రూపొందించిన గైల్స్ గిల్బర్టు స్కాటు 1960లోనే గతించెను. కాథలిక్కుల ఆలయమునకు మన క్రొత్తఢిల్లీ శిల్పియగు లుట్యెన్సు మహాగోపురము నూహించెను. యుద్ధమువలనను ధనలోపమువలనను నేలమాళిగ మాత్రమే మిగిలినది. దానిమీదుగా 1967లో వేరొకరి గుండ్రని యాలయము వెలసినది.

సంగీతము రేవులోనే పుట్టినదనవచ్చును. తెరచాపత్రాళ్లు లాగునపుడు ఒకడు పాడగా తక్కినవారు అందుకొనుట నావికుల యాచారము. మన పడవవారి హైలెస్సా వంటిదే. 1840లో స్థాపితమైన ఫిల్హార్మోనిక్ సంఘపు వాద్యబృందము నేటికిని కచేరీలు చేయుచున్నది. 1957లో ఒక గిడ్డంగి నేలమాళిగలో కావెర్న్ అను సంగీతశాల తెరువబడినది. ఆ యూరి యువకులు నలుగురు, బీటిల్సు అను పేర, అచ్చట దాదాపు 300 పర్యాయములు పాడి జగత్ప్రసిద్ధులైరి. వారిలో జార్జి హారిసన్ మన పండిత రవిశంకరుని యొద్ద సితారు నేర్చెను. 1973లో భూగర్భరైలు పనులకై ఆ శాలను కూల్చిరి. అచ్చట త్రవ్వదలచిన గాలిబిలమును మాత్రము త్రవ్వనే లేదు. 1984లో పాత ఇటుకలు కొన్ని ఏరి, శాలను మరల కట్టుకొనిరి.

కట్టుట యొక యెత్తు, కాపాడుట యొక యెత్తు. 1972లో మూతపడి బురద నిండిన ఆల్బర్టు డాకును బాగుచేసిరి. అది నేడు జనులతో కలకలలాడుచున్నది. ఎత్తురైలు మాత్రము మరల రాలేదు. ప్రపంచవారసత్వపు పట్టికలో 2004లో చేరిన ఆ రేవు, తీరమున లేచిన క్రొత్తకట్టడముల కారణమున 2021లో దానిని పోగొట్టుకొన్నది. అయినను ఆ నగరము ఒక కార్యమున మెచ్చదగినది. 1999లో దాని పురపాలకసభ బానిసవర్తకమునకు బహిరంగముగా క్షమాపణ చెప్పినది. 2007లో ఆ చరిత్రను చూపు ప్రదర్శనశాల వెలసినది.

మరల బడి కేగు భాగ్యము కలిగినచో, ఆ చుక్కవద్ద బెత్తమును కొంతసేపు నిలిపి, ప్రత్తి ఎవరు పండించిరో మొదట చెప్పి, పిదపనే ముందునకు సాగెదను. స్వస్తి.