పని లేనోడు దొంగేనా?

నిరుద్యోగం పెరిగితే నేరాలు పెరుగుతాయని సభల్లో, పత్రికల్లో, పరీక్ష వ్యాసాల్లో అందరూ అనేస్తుంటారు. వినడానికి సానుభూతిగానే ఉంటుంది. కానీ ఈ లెక్కలో దొంగ ఎవరో ముందే తేలిపోయి ఉంటుంది. అగ్రవర్ణ కుర్రాడు పని లేకుండా తిరిగితే ‘కోచింగ్ తీసుకుంటున్నాడు’. పేట కుర్రాడు సెంటర్లో నిలబడితే ‘అనుమానితుడు’.

ఈ చూపును చట్టంలోనే రాసి పెట్టారు. 1871 నేరస్థ తెగల చట్టం ప్రకారం ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటించాలంటే, ఆ తెగకు చట్టబద్ధమైన వృత్తి ఉందా, ఉంటే అది నిజం వృత్తేనా లేక నేరాలకు ముసుగా అని నివేదికలో చెప్పాలి. అంటే పని లేకపోతే దొంగ. పని ఉన్నా సర్కారు నమ్మకపోతే దొంగే!

మన ఎరుకలోళ్ళ సంగతే చూడండి. తీరం నుంచి ఉప్పు, లోపలి ఊళ్ళ నుంచి ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా అమ్మి బతికినవాళ్ళు. ఉప్పును సర్కారు తన గుప్పిట్లో పెట్టుకుంది. రోడ్లూ రైళ్ళూ వచ్చి బరువు మోసే పశువులకు పని లేకుండా చేశాయి. అడవి చట్టాలతో బుట్టలల్లే వెదురుకీ కాపలా వచ్చింది. బతుకుతెరువు తీసినవాళ్ళే నీ బతుకుతెరువేదని అడిగారు. 1911 చట్టంతో ఇది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, పాసు లేనిదే కదలకూడదు. చీరాల పొగాకు కంపెనీకి మాత్రం కూలీలు దొరికారు.

1952లో ఆ చట్టం రద్దయింది. దాని బదులు అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి. మన రాష్ట్రంలో 1962లో. సినిమావాళ్ళు 1991లో కూడా ఆ ఊరి పేరునే టైటిల్‌గా అమ్ముకున్నారు. ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగానికెళ్ళే పిల్లోడు ఊరి పేరు ఎలా చెప్పాలో ఎవరూ ఆలోచించలేదు.

పాత 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 109వ సెక్షన్ కింద, కనిపించే జీవనాధారం లేనివాణ్ణి మంచి నడవడికకు పూచీకత్తు ఇమ్మనొచ్చు. పని లేనివాడు జామీను ఎక్కడ తెస్తాడు? జైలుకే. 1973 కోడ్‌లో ఆ ముక్క తీసేశారు గానీ జామీను గొడవ పోలేదు. 2022 జైలు గణాంకాల్లో ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే నేరం రుజువు కానివాళ్ళు. వాళ్ళలో షెడ్యూల్డు కులాలవాళ్ళు ఐదో వంతు. 2011 జనాభాలో మన వాటా 16.6 శాతం.

ఆకలి దొంగతనానికి నెట్టదని నేననడం లేదు. ఎన్నికల్లో, ఇసుక దందాల్లో కర్ర పట్టేది పని లేని మన కుర్రాళ్ళే. పట్టించేవాడు మాత్రం కేసులో ఉండడు. ఇక బ్యాంకుల్ని ముంచడం, దొంగ బిల్లులు పెట్టడం లాంటివి ఉద్యోగమో వ్యాపారమో ఉంటేనే చేయగలిగిన నేరాలు. వాటికి నిరుద్యోగం కారణమని ఎవరూ వ్యాసం రాయరు.

అసలు మనం చూడాల్సింది రెండో దారి: కేసు వల్ల వచ్చే నిరుద్యోగం. ధర్నాలో పెట్టిన కేసైనా సరే, సర్కారు ఉద్యోగానికి ఎంపికయ్యాక అటెస్టేషన్ ఫారం ముందుకొస్తుంది. భయపడి దాస్తే, దాచినందుకే తీసేస్తారు. చిన్న కేసును, అభ్యర్థి వయసును అధికారులు లెక్కలోకి తీసుకోవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు సంగతి హాస్టల్ పిల్లలకు ఫారం నింపకముందే తెలియాలి.