ఓసా జాన్సను తొలి ఆఫ్రికా యాత్ర

తెరపై ఏనుఁగుల మందను చూచి యానందించు సోదరీమణులారా, ఆ బొమ్మను తీసినవారు ప్రాణములతో నెట్లు తిరిగివచ్చిరో యెప్పుడైనఁ దలంచితిరా? ఓసా జాన్సను కథ యందులకే చెప్పుచున్నాము.

ఈమె 1894లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున చాన్యూటు అను చిన్న యూరఁ బుట్టెను. పదునాఱవ యేట మార్టిను జాన్సనను ఛాయాచిత్రకారునిఁ బెండ్లాడెను. దంపతులు మొదట దక్షిణ సముద్రపు దీవులు తిరిగి, అచ్చటి జనులను చిత్రించిరి. మృగములను చిత్రించు విద్య వారికిఁ బట్టుపడినది 1921లో కెన్యాకుఁ బోయిన పిమ్మటనే.

ఆనాఁటి చలనచిత్ర యంత్రమును ముక్కాలిపై నిలిపి, చేతితోఁ బిడి త్రిప్పవలెను. సెకనుకు రెండు చుట్లు. చుట్టునకు ఎనిమిది బొమ్మలు. చేయి తొందరపడినచో తెరపై ఏనుఁగు నిద్రలో నడచినట్లుండును, మందగించినచోఁ బరుగిడును. కన్ను అద్దమునకు, చేయి పిడికిఁ గట్టుపడినవాఁడు తుపాకి నెట్లు పట్టును? కావున మార్టిను త్రిప్పుచుండ, ప్రక్కన ఓసా తుపాకితో నిలిచెడిది. చెవులు విప్పి ఏనుఁగు ముందుకు వచ్చునపుడు త్వరపడి కాల్చినచో నొక ప్రాణి నిష్కారణముగాఁ జచ్చును, చిత్రమును బోవును; ఆలసించినచో భర్త దక్కఁడు. ఆ క్షణమును కొలుచుట యామె పని.

కొన్ని పర్యాయములు చిత్రము కొఱకే జంతువులను రెచ్చఁగొట్టి, మీఁదికి రాఁగాఁ గాల్చిరి. దీనిని మేము మెచ్చజాలము.

మేలైన చిత్రములు ఓర్పువలన వచ్చినవే. నీటిమడుగు దాపున ముండ్లకంపతో చాటు కట్టి, గాలివాటు చూచుకొని, గంటలకొలఁది కదలక కూర్చుండవలెను. ఏనుఁగునకు చూపుకంటె వాసన చుఱుకు గదా!

ఆ యాత్రలోనే ఉత్తర కెన్యాలోని మార్సబిట్టు కొండపై, అడవినడుమ నొక సరస్సును గాంచి, దానికి స్వర్గసరస్సను పేరిడిరి. 1924లో మరల వచ్చి, ఆ యొడ్డున నిండ్లు కట్టి, 1927 వఱకుఁ గాపురముండిరి. ఓసా యచ్చటఁ గూరగాయల తోట వేసినది. తుపాకిపట్టిన చేతులే పాదులు త్రవ్వినవి.

1937లో విమానప్రమాదమున మార్టిను మరణించెను. గాయపడిన ఓసా చక్రముల కుర్చీలోఁ గూర్చుండియే సభలలో నుపన్యసించెను. 1940లో స్వీయకథను వెలువరించి, 1953లో కన్నుమూసెను. ఆ దంపతుల పేర చాన్యూటులో నొక ప్రదర్శనశాల కలదు.