రిటైర్మెంటుకు ముందు ఇంటి లెక్క

హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కీసర రోడ్డు మీద నాగారం వైపు వెళ్తుంటే, అటూఇటూ ఉన్న కాలనీల్లో ఒక తరం కష్టార్జితం కనిపిస్తుంది. 1967లో శాస్త్రవేత్త ఏ.ఎస్.రావు సారథ్యంలో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. 1971లో అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ వచ్చింది. ఇటు నాచారం, మల్లాపూర్, ఉప్పల్‌లలో ఫ్యాక్టరీలు వెలిశాయి. ఆ ఉద్యోగాలు నమ్ముకుని జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, నాగారం ఇంకా గ్రామపంచాయతీగా ఉన్న రోజుల్లో ప్లాటు కొని, అప్పోసప్పో చేసి ఇల్లు కట్టుకున్నారు. కింద పోర్షన్ అద్దెకు, పైన తాము. ఇప్పుడు వాళ్లు రిటైరయ్యారు, లేదా అవబోతున్నారు. పిల్లలు గచ్చిబౌలిలోనో, డల్లాస్‌లోనో ఉన్నారు.

ఇలాంటి ఇళ్లలో రేపటి మాట రాగానే ఎఫ్‌డీలు ఎంత, బంగారం ఎంత అని మొదలుపెడతారు. అంతకన్నా ముందు చూసుకోవాల్సిన లెక్క వేరే ఉంది. ఇంట్లో ఎవరున్నారు? ఎవరు ఎవరికి చేస్తున్నారు? ఇంటికి మెట్లెన్ని? కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి?

పింఛనుతోనే మొదలుపెట్టినా ఒకే వీధిలో రెండు ఇళ్ల పరిస్థితి ఒకటి కాదు. ఎన్‌ఎఫ్‌సీ అణుశక్తి విభాగం కిందిది. 2004కు ముందు చేరినవారికి డీఏతో పాటు పెరిగే పింఛను, వైద్య పథకం ఉంటాయి. నాచారం ఫ్యాక్టరీలో చేసినవారికి వచ్చేది భవిష్యనిధి సంస్థ ఇచ్చే ఈపీఎస్-95 పింఛను. ధరలు పెరిగినా అది పెరగదు. 2014 సెప్టెంబరు నుంచి దాని కనీస మొత్తం నెలకు 1,000 రూపాయలే. అయితే అసలు వేసుకోవాల్సిన అంకె ఇది కూడా కాదు, భర్త పోయాక భార్య చేతికొచ్చేది ఎంత అన్నది. ఈపీఎస్‌లో భార్యకు సాధారణంగా సగమే వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కుటుంబ పింఛను మామూలుగా చివరి జీతంలో 30 శాతం. మన ఇళ్లలో భార్య వయసులో చిన్నది కనుక, ఆమె ఒంటరిగా గడపాల్సిన ఏళ్లు చాలానే ఉండొచ్చు. ఆ ఏళ్లను వదిలేసి వేసిన లెక్క సగం లెక్కే.

ఫ్యాక్టరీ కార్మికుల్లో చాలామంది వదిలేసుకునే వెసులుబాటు ఒకటుంది. కనీసం 5 ఏళ్లు కార్మిక బీమా పథకమైన ఈఎస్ఐలో ఉండి వయసు నిండి రిటైరైనవారు ఏడాదికి 120 రూపాయలు కడితే, భార్యాభర్తలిద్దరికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. నాచారంలోనే ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది.

ఇక ఇల్లు. ఒక ఆదివారం టేపు పట్టుకుని తిరిగితే తెలుస్తుంది. బాత్రూం తలుపు రెండున్నర అడుగులు అనుకుంటాం. ఫ్రేము, తెరిచిన తలుపు మందం తీసేస్తే మిగిలేది రెండడుగుల పైచిలుకు. మామూలు వీల్‌చైర్ వెడల్పూ దాదాపు అంతే! అందరికీ అనువైన కట్టడాల కోసం 2021లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు కనీసం 900 మిల్లీమీటర్ల దారి వదలమంటాయి, అంటే దాదాపు మూడడుగులు. తర్వాత బయటి మెట్లు. వాటికి పట్టుకునే రైలింగు రెండు వైపులా ఉందా? వాన పడ్డప్పుడు టైల్స్ అంచు జారుతుందా? మెట్ల మలుపు దగ్గర మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు దించగలరా? ఈ చివరి ప్రశ్నకు జవాబు చాలా ఇళ్లలో ‘దించలేరు’ అనే వస్తుంది. అద్దె కొంచెం తగ్గినా సరే, మోకాళ్లు బాగున్నప్పుడే కింది పోర్షన్‌లోకి తాము దిగి, పైది కిరాయికివ్వడం మంచిది. తుంటి విరిగాక సామాను సర్దుకోవడం ఎవరి తరమూ కాదు.

కాగితాల దగ్గర అపోహలు ఎక్కువ. నామినీగా పేరుంటే డబ్బంతా వారిదే అనుకుంటారు. సాధారణంగా నామినీ ఆ డబ్బు తీసుకుని వారసులకు అందజేయాల్సిన మనిషి మాత్రమే. వీలునామా రాయకుండా పోతే, హిందూ కుటుంబాల్లో తండ్రి స్వార్జితమైన ఇల్లు భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే ఆయన తల్లికి కూడా సమానంగా వెళ్తుంది. ఊళ్లోని పిత్రార్జిత భూమిలోనూ ఆడపిల్లకు హక్కుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే ఆ దిశగా చట్టం తెచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు చాలు.

ప్రేమకొద్దీ బతికుండగానే ఇల్లు గిఫ్ట్ డీడ్ చేసేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కింద అలాంటి దస్తావేజును రద్దు చేయించవచ్చు. కానీ బాగోగులు చూడాలన్న షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, కొడుకు రాసిచ్చిన హామీపత్రం ఉండటంతో కోర్టు ఆమె ఆస్తి ఆమెకు తిరిగి ఇప్పించింది. కాబట్టి షరతు నోటిమాటగా వదలకూడదు, దస్తావేజులోనే రాయించుకోవాలి. మోసపోయిన పెద్దలు ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ముందుగా సలహా కావాలంటే 14567 ఎల్డర్‌లైన్ ఉంది.

అన్నిటికన్నా ఎక్కువగా మరుగున పడేది, చేసే మనిషి. అత్తగారికి స్నానం చేయించే కోడలికీ యాభై దాటుతున్నాయి, ఆమెకూ నడుం నొప్పి ఉంది. డల్లాస్ కొడుకు డబ్బు పంపగలడు, రాత్రి ఆస్పత్రిలో పడుకోలేడు. ఆ పని ఉప్పల్‌లో ఉన్న కూతురి మీద పడుతుంది. దసరాకో సంక్రాంతికో అందరూ కలిసినప్పుడు ఈ సంగతి పేర్లతో సహా తేల్చుకోవాలి. కూతురికి నెలలో కొన్ని రోజులు విశ్రాంతి ఎప్పుడు, ఆ రోజుల్లో అటెండెంటును పెడితే ఆ జీతం అన్నదమ్ముల్లో ఎవరి వంతు, ఎంతెంత అన్నది కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.