కొన్న వేగం చేతికి అందిందా?

తూనికలు, కొలతల విషయంలో ఇస్లాం ఎంత ఖండితంగా ఉన్నదో మనకు తెలుసు. దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరాకు పేరే 'ముతఫ్ఫిఫీన్', అంటే కొలతల్లో తగ్గించి ఇచ్చేవారు. తమకు రావలసింది నిండుగా కొలిచి తీసుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు కోత పెట్టేవారిని ఆ సూరా తీవ్రంగా హెచ్చరిస్తున్నది. మద్‌యన్ వాసుల వద్దకు వచ్చిన షుఐబ్ ప్రవక్త (అలైహిస్సలాం) ఏకదైవారాధనతో పాటు వారికి బోధించినదీ ఇదే: కొలత నిండుగా ఇవ్వండి.

కంటికి కనిపించే సరుకు విషయంలో మనం జాగ్రత్తగానే ఉంటాము. రెడ్డిగూడెం మెట్టలో మామిడి తోట ఉన్న రైతుకు 'తరుగు' అనే మాట ఎంత చేదో వేరే చెప్పనక్కరలేదు. కాయ తూకం జరిగేటప్పుడు అతని చూపు కాటా మీదనే ఉంటుంది. కాని అదే రైతు ఆ కాపు సొమ్ముతో ఇంజనీరింగ్ చదివే కొడుకుకో కూతురుకో కంప్యూటర్ కొన్నప్పుడు, అందులోని కొన్ని భాగాల కొలత ఏ కాటాకూ అందదు. వాటిలో ముఖ్యమైనది ర్యామ్, అంటే కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు వాడుకునే తాత్కాలిక మెమొరీ. దాని చీటీ మీద 3200 అని ఉంటుంది. లోపల అది 2133 వేగంతోనే నడుస్తూ ఉండవచ్చు. అంటే డబ్బిచ్చి కొన్నదానిలో సరిగ్గా మూడింట రెండు వంతులు. రెడ్డిగూడెం, నందిగామ, జగ్గయ్యపేట వంటి చోట్ల ఎన్ని ఇళ్ళలో కంప్యూటర్లు ఇలా నడుస్తున్నాయో ఆ ఇంటివారికే తెలియదు.

మోసమా, అమరికా?

ఇది మోసమని వెంటనే తీర్మానించరాదు. మెమొరీకి అంతర్జాతీయ ప్రమాణాలను 'జెడెక్' అనే సంస్థ నిర్ణయిస్తుంది. డీడీఆర్4 రకానికి ఆ ప్రమాణాల్లో 2133, 2400, 2666, 2933, 3200 అనే మెట్లు ఉన్నాయి. ప్రతి ర్యామ్ పట్టీ మీద ఒక చిన్న చిప్పు ఉంటుంది. ఆ పట్టీ ఏ వేగంతో, ఎంత విద్యుత్తుతో నడవాలో అందులో రాసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డు ఆ రాతను చదివి, జెడెక్ ప్రమాణానికి లోబడిన క్షేమకరమైన వేగాన్ని ఎంచుకుంటుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. ర్యామ్ చిప్పులను తయారుచేసే పెద్ద సంస్థలు ప్రపంచంలో ప్రధానంగా మూడు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. మైక్రాన్‌కు 2019 నుండి మన హైదరాబాద్‌లోనే అభివృద్ధి కేంద్రం ఉన్నది. ఈ చిప్పులను కొని పట్టీలుగా కూర్చే ఇతర కంపెనీలు, వాటిలో మెరుగైనవాటిని ఏరి, ప్రమాణాన్ని మించిన వేగంతో పరీక్షించి, ఆ అంకెను చీటీ మీద అచ్చు వేస్తాయి. ఆ వేగానికి కావలసిన వివరాలు కూడా అదే చిన్న చిప్పులో వేరుగా రాసి ఉంటాయి. ఇంటెల్ 2007లో తెచ్చిన ఈ పద్ధతిని ఎక్స్‌ఎంపీ అంటారు. డీడీఆర్5 కోసం ఏఎండీ 2022లో ఎక్స్‌పో పేరుతో ఇటువంటిదే తెచ్చింది. ఇవి వాటంతట అవి అమలుకావు. ఎవరైనా ఒకసారి బయోస్‌లోకి వెళ్ళి ఆన్ చేయాలి.

చీటీ మీద వోల్టేజీ చూస్తే చాలావరకు సంగతి తెలుస్తుంది. డీడీఆర్4 పట్టీ మీద 3200 అని, 1.2 వోల్టులని ఉంటే అది సాధారణంగా ప్రమాణానికి లోబడినదే. ప్రాసెసర్ అనుమతిస్తే తనంతట తానే ఆ వేగం అందుకుంటుంది. 1.35 వోల్టులని ఉంటే ఆ వేగానికి ఎక్స్‌ఎంపీ అవసరమని అనుకోవచ్చు.

నష్టం ఎంత?

3200 అంటే సెకనుకు 320 కోట్ల బదిలీలు. ఒక్కో బదిలీలో 8 బైట్లు కదులుతాయి. ఆ లెక్కన ఒక పట్టీ సెకనుకు 25.6 గిగాబైట్ల సమాచారాన్ని మోయగలదు. 2133 దగ్గర అది సుమారు 17 గిగాబైట్లకు పడిపోతుంది. ఉత్తరాలు టైపు చేయడానికి, పాఠాలు చూడటానికి ఈ తేడా తెలియదు. వీడియో ఎడిటింగ్, త్రీడీ డ్రాయింగ్, పెద్ద ప్రోగ్రాముల కంపైలింగ్ వంటి పనుల్లో కొంత తెలుస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో బాగా తెలుస్తుంది. అక్కడ తెరమీది బొమ్మకు కూడా ఈ మెమొరీయే ఆధారం.

చూసుకునే విధం, సరిచేసుకునే విధం

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమొరీ నొక్కితే ప్రస్తుత వేగం కనిపిస్తుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములో 3200కు బదులు 1600 అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. డీడీఆర్ మెమొరీ గడియారపు ప్రతి టిక్కుకు రెండుసార్లు బదిలీ చేస్తుంది. అక్కడి అంకెను రెట్టింపు చేసుకోవాలి.

వేగం తక్కువగా ఉంటే కంప్యూటర్ ఆన్ చేస్తూ డిలీట్ గాని, ఎఫ్2 గాని నొక్కి బయోస్‌లోకి వెళ్ళాలి. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో, లేదా కొన్ని బోర్డులలో డీఓసీపీ అనే పేరుతో ఉన్న అమరికను ఆన్ చేసి, భద్రపరచి బయటికి రావాలి. ఆ తరువాత కంప్యూటర్ తెరుచుకోకపోతే భయపడవద్దు. చాలా బోర్డులు తామే పాత వేగానికి తిరిగివస్తాయి. రాకపోతే కరెంటు తీగ తీసివేసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని కొన్ని నిమిషాలు తొలగించి తిరిగి పెడితే అమరికలు మొదటికి వస్తాయి.

వేగం పెంచిన తరువాత మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను రాత్రంతా నడపాలి. ఒక్క తప్పు చూపినా వేగం ఒక మెట్టు తగ్గించాలి. లోపంతో పరుగెత్తే మెమొరీ, పిల్లవాడి ప్రాజెక్టు ఫైలును నిశ్శబ్దంగా పాడుచేయగలదు. ప్రమాణాన్ని మించిన వేగాన్ని తయారీదారులు ఓవర్‌క్లాకింగ్‌గానే పరిగణిస్తారు గనుక వారంటీ షరతులు ముందే చదువుకోవాలి.

అందనిదానికి ఖర్చు ఎందుకు?

కొన్నిసార్లు ఆ వేగం ఏం చేసినా రాదు. ఉదాహరణకు ఇంటెల్ ఐ5-10400 ప్రాసెసర్ హద్దు 2666. హెచ్510 వంటి చవక బోర్డు దానిని దాటనివ్వదు. అందులో 3600 పట్టీలు పెట్టడం ఇస్రాఫ్, అంటే దుబారా. పాత 2666 పట్టీ పక్కన కొత్త 3200 పట్టీ చేరిస్తే రెండూ 2666తోనే నడుస్తాయి. లాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ అమరికే ఉండదు. మరోవైపు, ఒకే 16 జీబీ పట్టీకి బదులు 8 జీబీవి రెండు తీసుకుని, బోర్డు పుస్తకంలో చూపిన జత స్లాట్లలో పెడితే సమాచారం నడిచే దారి రెట్టింపవుతుంది. పెద్ద అంకె కోసం ఖర్చు పెట్టేకన్నా ఇది మేలు.

అమ్మేవారి బాధ్యత, కొనేవారి మర్యాద

మదీనా బజారులో ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన సంఘటన మనలో చాలామందికి తెలుసు. వాన వల్ల తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైనే ఉంచాలని ప్రవక్త (స) చెప్పి, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. అక్కడ తడి వ్యాపారి చేసినది కాదు. దానిని కనిపించకుండా ఉంచడమే తప్పయింది.

కంప్యూటర్లు కూర్చి ఇచ్చే వృత్తిలో మన యువకులు ఎందరో ఉన్నారు. చీటీ మీది వేగం దానంతట అది రాదని వారికి తెలుసు, కొనేవారికి తెలియదు. ఆ తెలిసిన విషయమే వారి చేతిలోని అమానత్. అప్పగించే ముందు ఆ అమరికను ఆన్ చేసి, పరీక్షించి, తెరమీద అంకె చూపించి ఇవ్వడానికి పట్టేది కొద్ది సమయం. ఆ బోర్డు మీద ఆ వేగం రాదని ముందే తెలిస్తే, లాభం తగ్గినా సరే, తక్కువ ధర పట్టీని సూచించడం వారి ధర్మం.

కొనేవారికీ ఒక మర్యాద ఉన్నది. తెరమీద తక్కువ అంకె కనిపించగానే దుకాణదారుని దొంగ అనరాదు. విచారించకుండా నిందించడాన్ని, ఆధారం లేని అనుమానాన్ని ఖుర్ఆన్ వారించింది. ముందు అడగాలి: "బాబూ, ఇది ఎంత వేగంతో నడుస్తున్నది? ఒకసారి చూపిస్తావా?" ఇంట్లో చదువుకునే అమ్మాయి గాని, అబ్బాయి గాని ఉంటే కంప్యూటర్ తెచ్చుకునే రోజున వారిని వెంట తీసుకువెళ్ళండి. అమ్మేవారు, కొనేవారు నిజం చెప్పుకొని, ఉన్నది ఉన్నట్లు వివరించుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందని ప్రవక్త (స) బోధించారు. బేరం కాటా మీది మామిడి కాయలదైనా, చీటీ మీది అంకెదైనా ఆ బోధ ఒక్కటే.