రూట్ మౌంట్ కాలేదా? ఆగం కాకండి, ఫార్మాట్ కొట్టకండి

లినక్స్ ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్, దాని మీద "కర్నల్ పానిక్, అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్". రేపే ప్రాజెక్ట్ సబ్మిషన్, కోడ్ మొత్తం అందులోనే ఉంది. జగిత్యాల, కోరుట్ల సైడ్ బీటెక్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అప్పుడు వచ్చే మొదటి ఆలోచన ఫార్మాట్. అక్కడే ఆగండి. ఆ మెసేజ్ వచ్చిందంటే డేటా పోయినట్టు కాదు.

సిరిసిల్లలో సాంచ ఆగితే బట్టంతా కోసి పడేస్తరా? పోగు ఎక్కడ తెగిందో చూసి అతుకుతరు. ఇది కూడా గంతే.

లోపల ఏం జరుగుతదో చూద్దాం. పవర్ ఆన్ చేయగానే గ్రబ్ వచ్చి కర్నల్‌ను ర్యామ్‌లోకి ఎక్కిస్తది. కర్నల్‌కు డిస్క్ చదవాలంటే డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ ఫైల్ ఏమో డిస్క్‌లోనే ఉంటది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి మూసినట్టు! అందుకే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న ప్యాకెట్‌ను కూడా గ్రబ్ ర్యామ్‌లో పెడతది. మన స్పేర్ తాళంచెవి అదే.

ఇప్పుడు ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసి, మెసేజ్ చివర బ్రాకెట్లో నంబర్లు చూడండి. 0,0 ఉంటే కర్నల్‌కు డిస్కే కనపడలేదు. ఎక్కువగా తాళంచెవి మిస్సయితే ఇట్ల వస్తది. 8 తోనో 259 తోనో మొదలైతే డిస్క్ కనపడ్డది కానీ, అందులోని ఫైల్‌సిస్టమ్ చదవలేకపోయింది.

0,0 వస్తే రీస్టార్ట్ చేసి, ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కి గ్రబ్ మెనూ తెరవండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కర్నల్ సెలెక్ట్ చేయండి. ఉబుంటు, మింట్‌లో దాంతో బూట్ అయితే సగం పని అయినట్టే. అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోయినా, బూట్ పార్టిషన్ నిండినా కొత్త కర్నల్ ప్యాకెట్ సగంలోనే ఆగిపోతది. "సుడో ఆప్ట్ ఆటోరిమూవ్"తో జాగా చేయండి. తర్వాత "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మైనస్ సి మైనస్ కె", పక్కన కొత్త కర్నల్ వెర్షన్ కొట్టండి. చివరకు "సుడో అప్‌డేట్-గ్రబ్".

కొన్నిసార్లు పానిక్ రాదు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్ దగ్గరే ఆగుతది. అక్కడ "బిఎల్‌కెఐడి" కొట్టండి. మీ పార్టిషన్ లిస్ట్‌లో లేకుంటే బయోస్‌లోకి పోయి, డిస్క్ కనపడుతున్నదా, స్టోరేజ్ మోడ్ మారిందా చూడండి. పార్టిషన్ ఉండి, ఎఫ్ఎస్‌సికె నడపమని స్క్రీనే చెప్తే "ఎఫ్ఎస్‌సికె మైనస్ వై", పక్కన ఆ పార్టిషన్ పేరు ఇచ్చి రన్ చేయండి. మౌంటై ఉన్న పార్టిషన్ మీద మాత్రం అస్సలు నడపొద్దు.

ఇంకో జాగ్రత్త. స్క్రీన్ మీద "ఐ/ఓ ఎర్రర్" అని వరుసగా వస్తుంటే డిస్కే చావుకు దగ్గరపడ్డట్టు. అప్పుడు రిపేర్ జోలికి పోకండి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, "ట్రై" సెలెక్ట్ చేయండి, ఇన్‌స్టాల్ కాదు. పార్టిషన్‌ను రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి ముందు ప్రాజెక్ట్ ఫోల్డర్ కాపీ చేసుకోండి. మిగతాది తర్వాత.

ఫోటో, పాత కర్నల్, బిఎల్‌కెఐడి, లైవ్ పెన్‌డ్రైవ్. ఈ నాలుగూ అయినంకనే ఫార్మాట్ మాట. ఇవాళ ల్యాప్‌టాప్ మంచిగ నడుస్తున్నవాళ్లు ఈ రాత్రికే కోడ్ ఇంకోచోట కాపీ పెట్టుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!