కంప్యూటరు పోటీలలో గణితము

సికింద్రాబాదులోని మన విద్యార్థులలో కొందఱు ప్రోగ్రాములు వ్రాయు పోటీలకు పోవుచున్నారు. వారి యుత్సాహము మాకు సంతోషకరమే. కాని ప్రశ్న చదువుట ముగియకమునుపే వ్రేళ్లు మీటలపై నుంచెడి యలవాటు మాకు నచ్చదు.

గత సంవత్సరము మా తరగతి బాలుడొకడు ఒక పోటీనుండి కన్నీళ్లతో వచ్చెను. చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు ఇబ్బడించుచు పోయిన 64 గడులలో మొత్తము గింజలెన్ని యనునట్టిదే వాని లెక్క. ప్రోగ్రాములో తప్పు లేదని వాడనెను. మేమును అరగంటసేపు వెదకితిమి, మాకును కానరాలేదు. తుదకు ఒక్కొక్క గడిని చేతితో లెక్కించి పోల్చి చూడగా, 31వ గడివఱకు సరిపోయి 32వ గడియొద్ద ఋణసంఖ్య వచ్చెను! గింజలు సున్నకంటె తక్కువ యుండునా యని వాడే నవ్వెను. వాడెంచుకొన్న 32 బిట్ల స్థలములో 2147483647 కంటె పెద్ద సంఖ్య పట్టదు.

ఈ లెక్క మనకు క్రొత్త గాదు. పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన పద్యమొకటి దీని జవాబునే చెప్పుచున్నది. వేదములనిన 4, గిరులనిన 7, గగనమనిన సున్న యని గ్రహించి, ఒకట్ల స్థానమునుండి యెడమకు వ్రాసికొని పోయిన 18446744073709551615 వచ్చును. చిత్రమేమనగా, గుర్తు లేని 64 బిట్ల స్థలములో పట్టు గరిష్ఠసంఖ్యయు సరిగా నిదియే. ఇంకొక గింజ వేసిన నది సున్న యగును.

ఇందువలననే పోటీలలో తఱచుగా జవాబును 1000000007చే భాగించి శేషమును చెప్పుమందురు. ఇది ప్రధానసంఖ్య, ఇట్టి శేషములు రెంటిని గుణించినను 64 బిట్లు దాటవు. తుదివఱకు గుణించి భాగింప నక్కఱలేదు, అడుగడుగున శేషము తీసినను ఫలమొక్కటే. పది రెండ్లను గుణించిన 1024. 7చే భాగించిన శేషము 2. ప్రతి గుణకారమునకును శేషము తీసిన 2, 4, 1, 2, 4, 1 అని తిరుగుచు పదియవది 2 యే యగును.

ఇక కాలము సంగతి. 1 తరువాత 18 సున్నలు గల సంఖ్య యన్ని మారులు రెండ్లను గుణింపుమనిరనుకొనుడు. సెకనుకు 100 కోట్ల గుణకారములు చేసినను 31 సంవత్సరములు దాటును. వచ్చినదానిని దానిచేతనే గుణించుచు పోయిన 2, 4, 16, 256 అని అఱువది వర్గములలోపుననే పని తీఱును. 13 అనగా 8, 4, 1 గదా. అట్లే వలసిన వర్గములనే యేఱి కూర్చుకొనవలెను.

1989లో బల్గేరియాలో ఆరంభమైన అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్సు ఒలింపియాడునకు మన దేశమువారి నెన్నుకొను పరీక్షలలో తొలి దశ చాలకాలము కాగితముపైననే జరిగినది. అది మాకు మిక్కిలి నచ్చిన యేర్పాటు.

చదువరులు 13 మూళ్లను గుణించి 7చే భాగించిన శేషమెంతో కాగితముపై తేల్చి మాకు చూపవలెను. ఐదు గుణకారములు చాలును. ఆఱవది చేసినవారిని మరల చేయుమందుము.