వేటకొక వేళ, దాక్కోవడానికొక వేళ

సింగపూర్ పశ్చిమభాగంలో క్లెమెంటిని ఆనుకుని సుంగై ఉలు పాండాన్ కాలువ ప్రవహిస్తుంది. ఆ గట్టున ఉదయపు నడకకు వెళ్ళేవారికి నీటికుక్కలు కుటుంబసమేతంగా చేపలు పట్టుకుంటూ కనిపించడం ఇప్పుడు వింత కాదు. చీకటి పడేసరికి అవి గూళ్ళకు చేరతాయి. అదే సమయానికి పక్కనున్న నివాసభవనాల వరండాల్లో, ట్యూబులైటు చెంత, బల్లి పురుగుల కోసం కాపు వేస్తుంది. ఏ ప్రాణి ఏ పూట బయటికి రావాలన్నది ఎలా నిర్ణయమవుతుంది?

దీనికి మొదటి సమాధానం జీవగడియారం. క్షీరదాల మెదడులో, హైపోథాలమస్‌లోని ఒక చిన్న నాడీకణాల గుంపు సుమారు ఇరవైనాలుగు గంటల లయను నడుపుతుంది. కంటిలో పడే వెలుగు ఆ లయను రోజూ సరిదిద్దుతుంది. ఇటువంటి గడియారాన్ని నడిపే జన్యువుల పనితీరును ఈగల్లో విడమరచి చూపినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి లభించింది. అయితే ఏ వేళకు బయటపడడం క్షేమమో గడియారం ఒక్కటే తేల్చలేదు. బయట దొరికే ఆహారం, బయట పొంచివున్న శత్రువు కూడా అందులో పాలుపంచుకుంటాయి.

ఎర అయ్యే జంతువుకు మేతా కావాలి, ప్రాణమూ దక్కాలి. మంచి మేత ఉన్నచోటే ప్రమాదమూ ఉంటే, ఆ చోటును పూర్తిగా వదులుకోవడం ఒక దారి. శత్రువు విశ్రమించే వేళ చూసి అక్కడికి వెళ్ళడం మరొక దారి. అమెరికాలోని యెల్లోస్టోన్ ఉద్యానవనంలోకి 1995లో తోడేళ్ళను తిరిగి ప్రవేశపెట్టారు. అవి ప్రధానంగా ఉదయసంధ్యలోనూ సాయంసంధ్యలోనూ వేటాడతాయి. అక్కడి ఎల్క్ దుప్పులు ప్రమాదకరమైన మేతభూములను విడిచిపెట్టలేదని, తోడేళ్ళ కదలిక తగ్గే రాత్రివేళల్లో వాటిని వాడుకుంటున్నాయని 2018లో వెలువడిన అధ్యయనం చూపింది.

వేటాడే జంతువులూ ఎర వేళలను అనుసరించక తప్పదు. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్, మెల్ సన్‌క్విస్ట్ పులి, చిరుత, రేచుకుక్కల వేటతీరును పరిశీలించి 2000లో ప్రచురించారు. పులి, చిరుతల సంచారం ఎక్కువగా రాత్రిపూట; రేచుకుక్కలు మాత్రం పగటి వేటగాళ్ళు. మన నల్లమలలోనూ ఈ మూడూ ఉన్నాయి. పులికి జడిసి పగలు మేసే దుప్పికి రేచుకుక్క ఎదురవుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఏ వేళా పూర్తిగా క్షేమం కాదు కనుకనే ఈ సర్దుబాటుకు ముగింపు లేదు.

ఇప్పుడు ఈ భయాలన్నిటికీ మించిన భయం మనిషి. నేపాల్‌లోని చిత్వన్‌లో మనుషులూ పులులూ ఒకే దారుల్లో తిరుగుతున్నా, మనుషుల తాకిడి ఉన్నచోట పులులు పగటి సంచారాన్ని తగ్గించుకున్నాయని 2012లో తేలింది. ఆరు ఖండాల్లో 62 జాతుల క్షీరదాలపై జరిగిన 76 అధ్యయనాలను 2018లో క్రోడీకరించగా, మనిషి అలికిడి ఉన్నచోట వాటి రాత్రి సంచారం సగటున 1.36 రెట్లయిందని కనిపించింది. పగలు సగం, రాత్రి సగం తిరిగే జంతువు తన సంచారంలో 68 శాతాన్ని రాత్రికి మార్చుకున్నదన్నమాట.

ఈ కథలో మనం ఎరగా నిలిచే ఘట్టమూ ఉంది. కచ్చితంగా మాట్లాడితే దోమ వేటజంతువు కాదు. మనల్ని చంపి తినదు. కానీ మన నెత్తురు కోసం మన వేళలను కనిపెట్టుకుని వస్తుంది. తీరాంధ్రలో బోదకాలు సర్వే బృందాలు రక్తపు చుక్క కోసం రాత్రి పొద్దుపోయాకే ఇళ్ళకు రావడం మా తరంవారికి గుర్తుండే ఉంటుంది. ఆ వ్యాధి కలిగించే ఫైలేరియా పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి, క్యూలెక్స్ దోమ కుట్టే రాత్రివేళకు చర్మం దగ్గరి నెత్తురులోకి వస్తాయి. రోగి కొన్నాళ్ళు పగలు నిద్రించి రాత్రి మేల్కొంటే వాటి రాకపోకల వేళలూ తారుమారవుతాయి. పగటిపూట కుట్టే ఏడిస్ దోమలు ఈ వ్యాధిని మోసే కొన్ని పసిఫిక్ దీవుల్లో, ఆ పురుగు పిల్లలు పగలు కూడా పైరక్తంలో తిరుగుతాయి.

మలేరియా చెప్పే పాఠం మరింత గట్టిది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ దోమ రాత్రి కుడుతుంది కాబట్టే మందు పట్టించిన దోమతెర లక్షల ప్రాణాలు కాపాడింది. అయితే ఆఫ్రికాలోని బెనిన్‌లో తెరలు ఇంటింటికీ చేరాక, కొన్ని ఊళ్ళలో ఒక జాతి అనాఫిలిస్ కుట్టే సమయం తెల్లవారుజాము వైపు జరిగిందని 2012లో గమనించారు. తెరలోని మనిషి అందని దోమకు మిగిలిన అవకాశం నిద్రలేచి బయటికి వచ్చిన మనిషే.

క్లెమెంటిలో మన ఇళ్ళలోకి వచ్చే ఏడిస్ ఈజిప్టై దోమ డెంగీని మోస్తుంది. సూర్యోదయం తర్వాతి గంటలు, సూర్యాస్తమయానికి ముందరి గంటలు దాని ముఖ్యమైన వేళలు. అంటే పిల్లలు బడికి బయలుదేరే సమయం, తిరిగివచ్చి కింద ఆడుకునే సమయం. రాత్రి కృత్రిమమైన వెలుతురు సోకితే ఇది ఆ చీకటివేళలోనూ ఎక్కువగా కుడుతుందని 2020లో ప్రచురితమైన ఒక ప్రయోగం తెలిపింది. సింగపూర్ వరండాల్లో దీపాలు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి.

చిన్నప్పటి నుంచి దోమ అనగానే మనకు స్ఫురించేది రాత్రి, దోమతెర. ఆ అలవాటు అనాఫిలిస్, క్యూలెక్స్ వేళలకు తగినది. డెంగీ విషయంలో మందు రాసుకోవలసింది ఉదయం ఇల్లు కదిలే ముందు, సాయంత్రం పిల్లలు ఆటకు దిగే ముందు. పగలు నిద్రపోయే పసివాళ్ళకు తెర కట్టవలసింది పగలే. కుండీల కింద పళ్ళేల్లో నిలిచిన నీటిని పారబోయడానికి మాత్రం ఏ వేళైనా మంచిదే.